ఖాళీ ఒడ్డు

పార్సిల్ విప్పే హడావిడిలో పొయ్యి మీద టీ పొంగింది. పొంగితే పొంగనీ అనుకుంది ఫోటోలమ్మ. అట్టపెట్టెలోంచి బయటపడింది తాను ఎదురుచూసిన క్యాలెండర్ కాదు, దళసరి కాగితం మీద అచ్చువేసిన పెద్ద పుస్తకం. అట్ట మీద తను తీసిన సరస్సు. నీళ్ళ మీద పొగమంచు, అవతల కొండ నెత్తిన తొలి ఎండ, ఇవతల నున్నటి ఒడ్డు. మూలన చీమ తలకాయంత అక్షరాల్లో తన పేరు. ఎవరి జీతమూ లేకుండా, సొంత కెమెరా భుజాన వేసుకుని ఊళ్ళు పట్టి తిరిగేవాళ్ళకి ఆ మాత్రం పేరు వేయడమే పదివేలు.

ఫోటోలమ్మ అన్న పేరు ఆ సరస్సులో జమ్ముగడ్డి కోసేవాళ్ళు పెట్టింది. ఒకసారి ఇంటికొచ్చి చెబితే అత్తగారికి తెగ నచ్చేసింది. అప్పట్నుంచి అసలు పేరు అటకెక్కింది.

"ఏదీ, ఇలా చూడనీ ఫోటోలమ్మా," అంటూ అత్తగారు కుట్టుమిషన్ మీంచి లేచి వచ్చింది. నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాక్కుని, వేలు తడి చేసుకోబోయి కోడలి చూపు పసిగట్టి మానేసి, ఒక్కో పేజీ తిప్పింది. "బాగుంది. చుట్టాలొచ్చే ముందు ఊడ్చిపెట్టిన ఇల్లులా ఉంది. ఇన్ని నీళ్ళున్న చోట ఒక్క మనిషీ కనపడడేం?"

"కనపడకూడదు అత్తయ్యా. క్లీన్ ఫ్రేమ్ అంటారు దాన్ని."

"మనుషులుంటే మురికా?"

"అలా అని కాదు. చూసేవాడికి అక్కడికి మొదట తనే వెళ్ళినట్టు ఉండాలి. అలా ఉంటేనే కొంటారు."

"అందరూ మొదట వెళ్ళినవాళ్ళే అయితే రెండోసారి వెళ్ళేదెవరో," అని గొణుక్కుంటూ అత్తగారు పొంగిన టీ తుడవడానికి పోయింది.

ఆవిడతో వాదన పెట్టుకుంటే తెల్లారదు. క్లీన్ ఫ్రేమ్ కోసం ఫోటోలమ్మ పడే పాట్లు ఆవిడకేం తెలుసు? స్టాండు పాతి, లెన్స్ తుడిచి, ఊపిరి బిగపట్టి నిలబడాలి. పడవ పోయేదాకా ఆగాలి. పడవ పోయాక దాని వెనక అల సద్దుమణిగేదాకా ఆగాలి. ఎండ ఆగదు కాబట్టి, ఒక్కోసారి మనుషుల్నే బతిమాలుకోవాలి. "కాస్త పక్కకి జరుగుతారా?" అని ఆమె అడిగే తీరులో ఎంత తీపి ఉండేదంటే ఇంతవరకూ కాదన్న మనిషి లేడు.

అంతలో ఫోన్ మోగింది. పర్యాటక శాఖ అధికారి. మాట వెన్నపూసే, పనిలో మాత్రం పట్టిన పట్టు విడవడు. పుస్తకం అందిందా అన్నాడు. శుక్రవారం టౌన్‌హాల్లో సరస్సు ఒడ్డు గురించి కమిటీ కూర్చుంటోంది, ఆమె ఫోటోలే గోడలనిండా ఉండాలి, పెద్ద సైజులో ప్రింటు చేసి ఆమే తెచ్చి తగిలించాలి, ముందు వరసలో కూర్చోవాలి అన్నాడు. చివరగా, ఏదో మర్చిపోయినట్టు ఆగి, "మా శాఖ చూసే చోట్లన్నీ రెండేళ్ళపాటు మీరే తీయాలమ్మా. కాగితం తయారవుతోంది," అన్నాడు.

రెండేళ్ళు. పని ముగించుకుని బస్సెక్కిన ప్రతిసారీ తర్వాతి పని ఎక్కడ దొరుకుతుందా అని గుండెల్లో పడే రాయి రెండేళ్ళపాటు పడదు. ఫోన్ పెట్టేసి నవ్వుకుంటూ ఫోటోలమ్మ పుస్తకం చివరి పేజీలు తిప్పింది. అక్కడ ఫోటోలు లేవు, బొమ్మలున్నాయి. ఆ ఒడ్డు మీదే వరసగా గాజు గదుల హోటలు, నీళ్ళలోకి చెక్క వంతెన, చుట్టూ కంచె. పక్కన రెండు వాక్యాలు. "ప్రస్తుతం ఈ ఒడ్డును ఎవరూ వాడటం లేదు. ఫోటోలు చూడగలరు."

ఆమె అది రెండోసారి చదివింది. అత్తగారు తెచ్చిన కప్పు చేతిలోనే చల్లారిపోయింది.

*

మర్నాడు తొలి బస్సుకే వెళ్ళింది. ఒడ్డు దిగేసరికి పని సాగుతోంది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఎడమచేత్తో గుప్పెడు జమ్ము ఒడిసిపట్టి, కొడవలి నీళ్ళ అడుగున పెట్టి ఒక్క లాగు. కోసినదాన్ని నీటి మీద చరిచి, బురద కడిగి, వెనక తేలే దోనెలోకి విసురు. చూపు జమ్ము మీద ఉంటుంది, నోరు కబుర్ల మీద ఉంటుంది. ఒడ్డున ఆడవాళ్ళు తడి జమ్మును విప్పి ఆరబోస్తున్నారు. చాపలకి పొడుగుది ఒకవైపు, తడికెలకి పొట్టిది ఒకవైపు.

ఫోటోలమ్మ బ్యాగు భుజం మీంచి దించిందో లేదో, కబుర్లు ఆగాయి. అందరూ పొడుగు బాబాయ్ అనే కోతగాడు గెడ వేసి దోనెను జమ్ము చాటుకి తోశాడు. అతని వెనక మిగతా దోనెలు. ఆడవాళ్ళు మోపులు ఎత్తుకుని, ఆరబోసిన దాని మీంచి అడుగులు ఏరుకుంటూ, ఆమె ముందు నుంచి తప్పుకుని వెనక్కి వచ్చి నిలబడ్డారు. చూస్తుండగానే ఒడ్డు పుస్తకంలో ఉన్నట్టే తయారైంది.

ఆమె ఇంకా కెమెరా పైకి తీయనే లేదు.

"అయ్యో, ఉండండి. ఇవాళ మీరు ఉండాలి," అంది.

"ఉంటాంలే, నీ వెనకాలే ఉంటాం. నీ పని నువ్వు కానివ్వు," అంది పెద్దక్క. ఒడ్డు మీద చిన్నాపెద్దా అందరికీ ఆమె పెద్దక్కే. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడటం ఆమెకి అలవాటు, ఆ చెయ్యి తీస్తే నడుం పడిపోతుందని అందరూ ఏడిపిస్తారు.

"అది కాదు పెద్దక్కా. మీరు ఫోటోలో ఉండాలి."

"మేముంటే బొమ్మ పాడవుతుందన్నావు కదమ్మా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎండెక్కితే జమ్ము పెళుసవుతుందని చెప్పినట్టే చెప్పింది. ఎత్తిపొడిచి ఉంటే ఫోటోలమ్మ ఏదో ఒకటి బదులు చెప్పుకునేది.

అప్పుడు చూసిందామె, ఒడ్డు పొడుగునా పాతిన కొయ్యలు. ఒక్కోదానికీ ఎర్ర గుడ్డపీలిక. ఎప్పుడు పాతారని అడిగింది.

"మొన్న. ఆఫీసువాళ్ళు వచ్చి కొలుచుకుపోయారు," అంది పెద్దక్క. "శుక్రవారం మీటింగయ్యాక కంచె వేస్తారంట. ఇక్కడ మేమున్నాం బాబూ అంటే, పుస్తకం తీసి చూపించారు. నీ బొమ్మలే. ఇన్నేళ్ళ ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ లేరు, నిన్నగాక మొన్న వచ్చి కూర్చుని మాదంటారేంటి అన్నారు."

"ఫోటోలో లేనివాళ్ళం, మాకు మళ్ళీ ఆకలేంటని బువ్వ తినడం కూడా మానేద్దామనుకుంటున్నాం," అన్నాడు పొడుగు బాబాయ్ జమ్ము చాటునుంచి. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వి, ఆమె ఏమనుకుంటుందోనని ఆపేశారు.

"నువ్వేం చేస్తావులేమ్మా. నీ పని నువ్వు చేసుకున్నావు," అంది పెద్దక్క.

ఫోటోలమ్మకి మొహం చెల్లలేదు. మన వేలితో మన కన్నే పొడుచుకోవడం విన్నాం గానీ, ఇది తన వేలు, ఇంకొకరి కన్ను. కెమెరా తీసి, బతిమాలి, వాళ్ళని పనిలోకి దింపి కొన్ని ఫోటోలు తీసింది. అలవాటు లేక వాళ్ళు బిర్రబిగుసుకున్నారు. లెన్స్ తమవైపు తిరిగిందంటే చాలు, ఎవరో ఒకరు మెల్లగా పక్కకి జరిగేవారు. అయినా ఇవాళ తీసిన ఫోటోతో ఏం రుజువవుతుంది? ఇవాళ ఉన్నారని. నిన్నగాక మొన్న వచ్చి కూర్చున్నారనే కదా వాళ్ళు అంటున్నదీ.

బస్సులోంచే అధికారికి ఫోన్ చేసింది.

"సార్, ఆ ఒడ్డు మీద మనుషులున్నారు. తరతరాలుగా జమ్ము కోసుకుంటున్నారు."

"ఉంటే మీ ఫోటోల్లో పడాలి కదమ్మా."

"నేనే తప్పుకోమన్నాను."

అవతల్నుంచి అదే వెన్నపూస. "చూడండి, మీ మంచికోరి చెప్తున్నా. ఆ మాట పదిమందిలో అన్నారనుకోండి, మీ ఫోటోలన్నీ వేషాలే అనుకుంటారు. రేపు మిమ్మల్ని ఎవరు పిలుస్తారు? మీరేం చెప్పక్కర్లేదు. ఫోటో చెప్తుంది. ఫోటో అబద్ధం చెప్పదు."

"చెప్పదు సార్. చెప్పించవచ్చు," అంది ఫోటోలమ్మ. పక్క సీటాయన తలతిప్పి చూశాడు.

*

ఇంటికొచ్చి చెప్పులతోనే బల్ల ముందు కూర్చుని, పాత డిస్కులన్నీ బయటికి లాగింది. వెతికేది పాత ఫోటో. మనుషులున్నది. ఒక్కటి చాలు.

ఒక్కటీ లేదు. ఉండదని ఆమెకి తెలుసు, అయినా వెతికింది. మనిషి అడ్డొచ్చిన ఫోటోని తీసిన రోజే చెరిపేయడం ఆమె పద్ధతి. చెత్త రేపటికి ఉంచకూడదని కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా చెప్పేది. తన డిస్కులంత శుభ్రంగా ఈ వృత్తిలో ఇంకెవరివీ ఉండవని కాస్త గర్వం కూడా.

"దొరికిందా?" అంది అత్తగారు, మిషన్ తొక్కుతూనే.

"నేనే చంపుకున్నాను అత్తయ్యా, అన్నీ చెరిపేశాను."

మిషన్ ఆగింది. అత్తగారు తిట్టలేదు, ఓదార్చలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "పుస్తకం అట్ట మీదిది తియ్యి. అసలుది ఉంటుందిగా, కోయకముందుది?"

"అది ఉంటుంది. కానీ దాంట్లో కూడా..." అంటూనే తెరిచింది. అమ్మకానికి పోయేది కోసి దిద్దిన ఫోటో. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫోటోని మాత్రం ఏ ఫోటోగ్రాఫరూ పారేయడు. పారేయడు, మళ్ళీ తెరిచీ చూడడు.

తెర మీద సరస్సు పరుచుకుంది. మంచు, కొండ, ఎండ, ఒడ్డు. ఆ ఒడ్డుకి ఇంకా కిందగా, పుస్తకంలో లేని వెడల్పాటి నేల ముక్క. ఆ నేల మీద నీడలు.

పొద్దుటి ఎండ ఆ ఒడ్డుకి వెనకనుంచి వస్తుంది. స్టాండు వెనక నిలబడ్డవాళ్ళ నీడలు పొడుగ్గా సాగి ఫోటోలోకి వచ్చి పడతాయి. ఈ పనిలో అదొక పాత తలనొప్పి. తప్పుకోమంటే తప్పుకున్నవాళ్ళు ఎక్కడికీ పోలేదు. దోనెలు చాటున కట్టేసి, ఈవిడ ఏం తీస్తుందో చూద్దామని ఆమె వెనకాలే గుమిగూడి నిలబడ్డారు. తీసిన ప్రతిసారీ వాళ్ళ నీడలు ఫోటో అడుగున పడ్డాయి. ఇంటికొచ్చి ప్రతిసారీ ఆమె విసుక్కుంటూ ఆ అంచు కోసేసింది.

మధ్యలో మూడుకాళ్ళ స్టాండు నీడ, దాని పక్కన ఆమెది. అటూ ఇటూ తలల మీద మోపులు. ఒక చేతిలో వంపు తిరిగిన కొడవలి.

"నడుం మీద చెయ్యేసుకుంది, ఇదెవరు?"

"పెద్దక్క."

"ఈ తాటిచెట్టు?"

"పొడుగు బాబాయ్."

ఆమె ఇంకో ఫోటో తెరిచింది. అంతకు ముందు ఏడాదిది. తర్వాత దానికీ ముందుది. కొండ మీద ఎండ రంగు మారింది, నీటి మట్టం మారింది, నీడలు మాత్రం వరసకట్టే ఉన్నాయి. ఫోటోలమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"మనిషి లేడన్నారు. మనిషి లేకుండా నీడ ఎలా పడిందో ఆ ఆఫీసరునే అడుగు," అంది అత్తగారు.

ఆ సాయంత్రం నుంచి ప్రింటర్ ఆగలేదు. మెరుపు లేని కాగితం చుట్ట ఎక్కించి, ముందు చిన్న ముక్క మీద వేసి చూసుకుంది. నీడ మరీ నల్లబడితే మట్టిలో కలిసిపోతుంది, తేలికపడితే మరకలా కనిపిస్తుంది. నీడలో కూడా మోపులోంచి పొడుచుకొచ్చిన జమ్ము పోచలు తెలిసేదాకా రంగు సరిచేసి, అప్పుడు పెద్దవి వేసింది. ఫ్రేములు పొట్టివయ్యాయి. కోసిన ఫోటోల కొలతకి చేయించినవి మరి. ఫ్రేములు పక్కన పడేసి, పైనా కిందా సన్నటి చెక్కపట్టీలు కొట్టింది. అత్తగారు దారం ఇచ్చింది, నాలుగు పేటలు వేసి.

*

గురువారం ఆ ప్రింట్లు చుట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. ఆరబోసిన జమ్ము మీద పరిచింది. అందరూ చేతులు తుడుచుకుని చుట్టూ మూగారు. "ఇది నువ్వే, ఆ బానపొట్ట ఇంకెవరికుంది," అని ఒకరు. "నీ తలకాయ మోపు కన్నా పెద్దగా పడిందిరా," అని ఇంకొకరు. నీడల మీద అంత పరాచికం ఆమె ఎక్కడా వినలేదు.

పెద్దక్క మాత్రం ఒక పాత ఫోటో దగ్గర కూర్చుండిపోయింది. తన నీడ పక్కన ఒక నీడ. భుజాలు వంగి, నెత్తిన తలగుడ్డ.

"మా ఆయన," అంది.

ఆయన పోయి చాలాకాలమైంది.

"ఆయన బొమ్మ మా దగ్గర ఒక్కటీ లేదు తెలుసా," అని ఆ నీడ తల దగ్గర కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది. "ఆ రోజు నాకు గుర్తే. ఈవిడ ఎప్పుడు కానిస్తుందే, కోత ఆలస్యమైపోతోంది అని గొణుక్కుంటూ నిలబడ్డాడు."

ఫోటోలమ్మ ఆ ప్రింటు చుట్టి పెద్దక్క ఒళ్ళో పెట్టింది, ఇంకోటి వేసుకుంటానంది. తర్వాత, "రేపు మీటింగుకి రండి. అందరూ రండి," అంది.

"మమ్మల్ని రానిస్తారా?"

"రానివ్వకపోతే నేనూ వెళ్ళను."

*

టౌన్‌హాల్లోకి అందరికన్నా ముందు వెళ్ళి, నిచ్చెనెక్కి, తన ప్రింట్లు తనే తగిలించింది. అధికారి వచ్చేసరికి గోడలు నిండిపోయాయి. ఆయన ఒకదాని ముందు ఆగాడు, రెండోదాని ముందు ఆగాడు.

"మనం అనుకున్నవి ఇవి కాదు కదమ్మా."

"అవే సార్. అంచులు కోయకుండా తెచ్చాను."

"ఈ నీడలేంటి?"

"మీరు లేరన్న మనుషులు."

ఆయన గొంతు తగ్గించాడు. "రెండేళ్ళ పని. కాగితం మీద మీ పేరు ఎక్కించాం. సంతకమే తరువాయి."

ఆ కాగితం తనకి ఎంత కావాలో ఆమెకి తెలుసు. "ఆ పేరు కొట్టేసి ఇంకొకరిది ఎక్కించుకోండి సార్," అంది.

కమిటీకి పెద్దగా వచ్చినావిడ రిటైరైన జడ్జి. తెల్లజుట్టు, తక్కువ మాటలు. అధికారి గోడల వంక చూడకుండా, తన దగ్గరున్న పుస్తకం ఫోటోనే తెర మీద వేయించాడు. హాలు మధ్యలో బల్ల మీదున్న ప్రొజెక్టర్ వెలిగింది. నీళ్ళు, కొండ, నున్నటి ఒడ్డు. ఎవరికీ చెందని చోటు, ఎవరికీ నష్టం లేని పని అని ఆయన చక్కగా చెప్పుకుపోయాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినంత సులువుగా చెప్పాడు.

ఫోటోలమ్మ లేచి నిలబడింది.

"ఆ ఫోటో నాది. ఆ ఒడ్డు ఖాళీగా లేదు. ఖాళీ చేయించింది నేను. వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళని జరగమన్నాను, జరిగారు. నా వెనక నిలబడ్డారు. వాళ్ళ నీడలు పడితే అవీ కోసేశాను. కోయనివి గోడ మీద ఉన్నాయి, ఏ ఏడాదివో కింద రాశాను."

"అంటే మీ ఫోటోలు నమ్మడానికి వీల్లేదంటున్నారా?" అంది జడ్జి.

"ఆ పుస్తకంలో ఉన్నవి నమ్మకండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రేపు ఈ మాట ఊరంతా తిరుగుతుంది, తెలుసు. తిరగనీ.

"మేడమ్, నీడలకి మొహాలుంటాయా?" అన్నాడు అధికారి. "ఎవరివైనా కావచ్చు. ఈవిడ వెంట వెళ్ళిన మనుషులవి కావచ్చు."

జమ్ము కోసేవాళ్ళు కూర్చున్న చివరి వరసలో కుర్చీలు కదిలాయి. పెద్దక్క లేచింది. ఆమె వెనక పొడుగు బాబాయ్, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. ఎవరి నీడ ఏదో దగ్గర్నుంచి చూపిద్దామని గోడవైపు బయల్దేరారు. కుర్చీల మధ్య దారి ఒక్కటే, అది ప్రొజెక్టర్ ముందునుంచే పోతుంది. వాళ్ళు వెలుగులోకి వచ్చేసరికి తెర మీది ఖాళీ ఒడ్డంతా తలల, భుజాల నీడలతో నిండిపోయింది. కొండ సగం కనపడలేదు.

"జరగండి జరగండి, అడ్డం. బొమ్మ కనపడటం లేదు," అన్నాడు అధికారి.

వాళ్ళు ఠక్కున ఆగారు. పెద్దక్క కాలు అప్పుడే పక్కకి పడింది. మిగతావాళ్ళూ సర్దుకోబోయారు. అధికారి ఫోటోలమ్మ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. మీరంటే వింటారు."

అందరూ ఆమె వైపు చూశారు. పెద్దక్క కూడా చూసింది, ఎటు జరగమంటావో చెప్పు అన్నట్టు.

"జరగకు పెద్దక్కా," అంది ఫోటోలమ్మ.

పెద్దక్క ఆమెని ఒక్క క్షణం చూసింది. పక్కకి వేసిన కాలు వెనక్కి తీసుకుని, వెలుగులో నిలబడింది. ఆ పక్కనే పొడుగు బాబాయ్ నిలబడ్డాడు, ఆ వెనక అందరూ.

"ప్రొజెక్టర్ ఆపండి," అన్నాడు అధికారి.

జడ్జి కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. తెర వైపు చూసింది, గోడ మీది ప్రింట్ల వైపు చూసింది, మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఉంచండి," అంది. "నేనింకా చూస్తున్నాను."